వేరు గీకి చూసే మనిషి

మా బావని వీధంతా ‘అమైనో’ అనే పిలుస్తుంది. కన్నవాళ్లు పెట్టిన పేరు కరెంటు బిల్లుకే పరిమితం. అక్కని కట్టుకున్న కొత్తలోనే పెరట్లో నీలం డ్రమ్ములు పెట్టి, చేపల మార్కెట్లో పారేసే తలలూ పేగులూ తెచ్చి, బెల్లం కలిపి మాగబెట్టడం మొదలెట్టాడు. నేను ముక్కు మూసుకుని, "అక్కా, నిన్ను మనిషికిచ్చారా, పిల్లికిచ్చారా?" అని ఏడిపించేదాన్ని. అక్క నవ్వుతూనే డ్రమ్ము మూతికి గుడ్డ కట్టేది. మూత బిగిస్తే లోపల గాలి చేరి పేలుతుంది. ఒకసారి పేలింది కూడా. చాన్నాళ్లు ఆ ఇంటికి చుట్టమనేవాడు రాలేదు.

మాగినదాన్ని వడకట్టి సీసాల్లో పోస్తే అదే అమైనో ఆమ్లాల మందు. ఎండదెబ్బకి పూత రాల్చే టమాటాకి, చలికి ముడుచుకుపోయిన మిరప నారుకి, నీళ్లలో పలచగా కలిపి సాయంత్రం పూట ఆకుల మీద చల్లుతారు. ఎలా పనిచేస్తుందని ఎవరడిగినా బావది ఒకటే మాట.

"జ్వరంతో పడుకున్నవాణ్ణి లేచి వండుకోమంటే వండుకుంటాడా? మనమే వండి నోట్లో పెట్టాలి. మొక్కయినా అంతే."

అలాగని అడిగినవాళ్లందరికీ ఇచ్చేవాడు కాదు. వాడిపోయిన మొక్కని వేరుతో సహా తెమ్మనేవాడు. గోటితో వేరు గీకి, లోపల తెల్లగా ఉంటేనే సీసా. గోధుమరంగుకి తిరిగి మెత్తబడిందా, ముఖం మీదే చెప్పేవాడు. "వేరు పోయింది. ఎంత చల్లినా దండగ. పీకెయ్." కొనడానికొచ్చినవాణ్ణి తరిమేసే వ్యాపారి ఎక్కడైనా ఉంటాడా అని నేను తల బాదుకునేదాన్ని.

కిందటి ఎండాకాలం అక్కకి పేగుల్లో గడ్డ లేచింది. ముద్ద దిగడం మానేసింది. ఆస్పత్రిలో కోసి చూసి, మెడ దగ్గర నరానికి గొట్టం పెట్టి, తిండికి బదులు ఎక్కించే మందు సంచీ ఒకటి తగిలించారు. బావ దాని మీది అక్షరాలు కూడబలుక్కుని చదివాడు.

"అమ్మాయ్, ఇటు చూడు! అమైనో ఆమ్లాలంట! మనదే! ఇక మీ అక్కకేం కాదు."

ఆయన ముఖం అంతలా వెలగడం నేనెప్పుడూ చూడలేదు. అక్క నీరసంగా కళ్లు తెరిచి, "మరి కంపు కొట్టదేంటయ్యా?" అంది. మేం ముగ్గురం కలిసి నవ్వింది అదే ఆఖరు.

సంచీలు మారుతున్నాయి. అక్క మాత్రం తేరుకోలేదు. బావ మంచం చివర కూర్చుని, ఆమె పాదం ఒళ్లో పెట్టుకుని, బొటనవేలితో మడమ నొక్కి రంగు తిరిగొస్తుందేమోనని చూసేవాడు. ఓ పొద్దున డాక్టరమ్మ వస్తే అడిగేశాడు.

"డాక్టరుగారూ, వేరు బతికే ఉందా?"

ఆమె అర్థంకాక నా వైపు చూసింది. నేను విడమరిచి చెప్పాక, స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చుంది.

"లోపల పేగంతా పాడైపోయిందండీ."

"మరి ఇదెందుకు కడుతున్నారు?"

ఆమె బావ భుజం తట్టి లేచింది. సంచీ మాత్రం తీయించలేదు. ఆ వారంలోనే అక్క పోయింది. ఆ సంచీ తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. లేనిపోని ఆశ పెట్టిందది మా బావకి.

వానలు పడ్డాక ఓ పెద్దావిడ మిరప మొక్క పట్టుకొచ్చింది. చేలో నీళ్లు నిలిచిపోయాయట. బావ గీకాడు. గోధుమరంగు నాకు గుమ్మంలోంచే కనబడింది. పట్టుకుంటే తొక్క ఊడొస్తోంది. ఆమె కళ్లార్పకుండా ఆయన ముఖంలోకే చూస్తోంది. బావ లోపలికెళ్లి సీసా తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"సాయంత్రం చల్లమ్మా. పలచగా."

ఆమె వీధి మలుపు తిరిగేదాకా పంటి బిగువున ఆగాను.

"వేరు చచ్చిందని తెలిసీ ఎందుకిచ్చావు బావా? నీకు మతిగాని పోయిందా?"

"తెలుసే." డ్రమ్ము గుడ్డ విప్పి మళ్లీ కడుతున్నాడు. అక్క వేసే ముడి ఆయనకి రాదు. "నాలుగు రోజులు చల్లుకోనీ. ఆ డాక్టరమ్మ కూడా తెలిసే కట్టింది."

ముడి మళ్లీ జారిపోయింది. నేనే ఏడుస్తూ వెళ్లి కట్టాను.