“దత్త అంటే ఏందక్కా?”

మా చిన్నప్పుడు విత్తనాల కాలమొస్తే పొద్దున్నే ఇంటిల్లిపాదీ కూచొని శనక్కాయలు ఒలిచేవాళ్ళం... కంబదూరులో అందరి ఇండ్లల్లో అంతే.

ఆ పొద్దు జేజి, అంటే నాయన వాళ్ళమ్మ, సంగటికి ఎసరు పెట్టి వచ్చి కూచుంది. నాయన చేటలో గింజలు ఏరుతున్నాడు. మడకశిర నుంచి వచ్చిన మా అత్త, అంటే నాయన వాళ్ళక్క, మా చిన్న చెల్లెలికి జడ వేస్తాంది.

అత్తకు పిల్లలు లేరు. మేం నలుగురం ఆడపిల్లలం, పైన వరసగా కరువు... ఏడేండ్ల చెల్లెల్ని దత్తతకు తీసుకుపోదామని ఆమె వచ్చి రెండు దినాలైంది. చెల్లెలితో ఎవరూ ఒక్క మాట అనలేదు. పెద్దల మాటలు అది వినే ఉంటుంది.

నేను పెద్దదాన్ని. పుస్తకం ఒళ్ళో పెట్టుకొని సాంఘికశాస్త్రం పైకి చదువుతున్నా... “నిజాం ఈ జిల్లాలను ఇంగ్లీషువారికి ఇచ్చివేసినందున వీటిని దత్త మండలాలు అన్నారు.”

మా తాతను అబ్బ అనేవాళ్ళం. అబ్బ అందుకున్నాడు. “దొరల కాలమే మేలప్పా. కరువొస్తే రాళ్ళు కొట్టిచ్చి గంజన్నా పోసినారు.”

జేజి ఊరుకుంటుందా... “రాళ్ళు కొట్టింది మీయమ్మ, గంజి తాగింది నువ్వు. నీకు మేలే! పోసినోడు మనల్ని అడిగి వచ్చినాడా?”

అందరం నవ్వినాం. చెల్లెలు నవ్వలేదు.

“దత్త అంటే ఏందక్కా?”

“ఇచ్చేయడమే...” అనేసినా.

“ఇచ్చేముందర ఈ ఊర్లను అడిగినారా?”

“ఊర్లను ఎవరడుగుతారు పాపా” అన్నాడు అబ్బ.

“నన్ను గూడా ఎవరూ అడగల్యా.”

నాయన చేతిలో చేట ఆగిపోయింది. అత్త జడ వదిలేసింది...

నాయనకు ఎన్నడూ ఎదురు చెప్పినదాన్ని కాదు. దేవుణ్ణి తలుచుకొని అన్నా. “దాన్ని అడుగు నాయనా. అడక్కుండా పంపితే నేనొప్పుకోను.”

ఆయన చేట కింద పెట్టి బయటికి పోయినాడు.

ఇప్పుడు మన సీమ వేరే రాష్ట్రం కావాలనీ, వద్దనీ టీవీల్లో ఎవరెవరో తేల్చేస్తుంటారు... ఈడ ఉండేవాళ్ళను ముందు అడగండి అనేదే ఇప్పటికీ నా మాట. ఇంట్లో అందరూ ఒకచోట కూచొని వాదించుకునే పొద్దులే పోయినాయి. మీ జేజీలు, అబ్బలు దొరల కాలాన్ని మెచ్చుకునేవాళ్ళా, తిట్టేవాళ్ళా? నాకు వినాలని ఉంది.

ఆ సాయంత్రం దీపం పెట్టినాక నాయన చెల్లెల్ని పక్కన కూచోబెట్టుకొని అడిగినాడు.

“సెలవులకు పోతా. ఉండేది ఈడే” అంది అది.

అత్త కండ్లు తుడుచుకొని, “సెలవులకే రా తల్లీ” అంది.

ఇంక మా ఇంట్లో ఎవరి సంగతైనా సరే, వాళ్ళను అడగందే తేల్చకూడదని అందరం ఒప్పుకున్నాం. అబ్బ కూడా.