అంచు ఈకల పుంజు

నా పుంజును నా బామ్మర్ది కోసుకొని తిన్నాడు. కాపాడమని అప్పజెప్పినదాన్ని, నన్ను అడగకుండా, చెప్పకుండా, అయిజలో తన ఇంటి ముందర ఎల్లమ్మ పేరు మీద కోసి కూర వండించుకున్నాడు. ఇందులో నేను కల్పించి చెప్పేది ఒక్క ముక్క లేదు.

అది అందరిళ్లలో తిరిగే పుంజు కాదు. తెల్లటి ఒళ్లు, ప్రతి ఈక చుట్టూ సన్నని నల్లంచు. గద్వాలలో యాభై ఏళ్లు చీరలకు అంచు నేసిన చేయి నాది. గుంట మగ్గంలోకి దిగలేమని మోకాళ్లు మొండికేశాక, పెబ్బేరు సంతలో ఒక తెల్ల పెట్టను చూశాను. దాని మెడ కింద రెండంటే రెండే ఈకలకు అంచు ఉంది. ఎవరో మొదలుపెట్టి వదిలేసిన నేతలా అనిపించి తెచ్చుకున్నాను.

నల్ల పుంజుతో కలిపితే పిల్లలన్నీ బూడిద రంగులో పుట్టాయి. వాటిలో అంచు జాడ ఉన్న ఒక్క పుంజును ఉంచి, దాన్ని తిరిగి తల్లి పెట్టతోనే జత చేశాను. నేను బడికి పోలేదు. అక్షరాలు సొంతంగా నేర్చుకున్నాను. అయినా ఏ పెట్టకు ఏ పుంజు, ఏ పిల్లకు ఎన్ని అంచు ఈకలు అన్నదంతా చీరల పాత డిజైన్ అట్టల వెనక రాసిపెట్టాను. ఆరేళ్ల రాత అది.

ఆ రోజుల్లోనే బామ్మర్ది వచ్చి గూడు ముందర నిలబడ్డాడు.

"ఏంది బావా, తల్లికే కొడుకును జత జేస్తున్నవ్? జరంత సిగ్గు గిట్ల ఉన్నదా?"

"కోళ్లకు వావివరసలు నువ్వు నేర్పుతవా? జర ఆ ఈక సూడు."

"నాకు ముక్కలే కనవడ్తున్నయ్ బావా!"

నా భార్య పకపకా నవ్వింది, తమ్ముడి మాట కదా. వాడి బుద్ధి నేను ఆనాడే పట్టుకోవలసింది.

ఆరో ఏట, మెడ నుంచి తోక దాకా అంచు నిండిన పుంజు ఒక్కటి తయారైంది. అంతలో మా వీధిలో కోళ్లకు తెగులు తగిలింది. ఎదురింటి కోళ్లు రాలడం మొదలవగానే పుంజును గంపలో పెట్టుకొని అయిజకు తీసుకుపోయి వాడికి అప్పజెప్పాను. వారం తిరిగేసరికి ఇంట్లో తల్లి పెట్టతో సహా అన్నీ పోయాయి. ఇక ఆ పుంజు ఒక్కటి ఉంటేనే ఆరేళ్ల పని మిగిలినట్టు.

తెగులు తగ్గాక వెళ్లాను. గంప ఖాళీ.

"ఎల్లమ్మకు ఇచ్చినం బావా. తల్లీకొడుకులకు పుట్టిన సంతతి, పాపపు కోడి. నీళ్లు సల్లితే ఒళ్లు దులిపింది. అమ్మ ఒప్పుకున్నట్టే గదా!"

ఎందుకు దులపదు? అంచు తేటగా కనిపించాలని రోజూ పొద్దున నేనే దాని మీద నీళ్లు చల్లేవాణ్ణి. చల్లగానే దులుపుకోవడం దానికి అలవాటు. అమ్మ అడిగిందీ లేదు, ఒప్పుకున్నదీ లేదు.

వాణ్ణి అడిగింది ఒకే మాట: పాపపు కోడి అయితే అమ్మకు ఎట్లా ఇచ్చావు? మంచిదైతే నన్నెందుకు అడగలేదు? ఆ పూట తల వంచుకొని బీడీ వెలిగించాడు. తర్వాత ఫోన్ చేస్తే ఎత్తలేదు. వాళ్ల అక్కతో అడిగిస్తే వానల సంగతి మాట్లాడాడట. చివరికి అదే ప్రశ్న కాగితం మీద రాసి, డిజైన్ అట్టలన్నీ దానికి జతచేసి పంపాను. చదివితే ఏం కోశాడో తెలుస్తుందని.

నెల దాటాక తనే ఫోన్ చేశాడు.

"గంత పరేషాన్ ఎందుకు బావా? నీకు కావాల్సింది ఈకలే గదా! కోసిన నాడు ఒక్కటి గూడ పారెయ్యలే. సంచిల కట్టి పెట్టిన. వచ్చి తీస్కపో."