చప్పుడు ఆగిన చోటు

ఫిబ్రవరి పదకొండు, రాత్రి పదకొండు గంటల పది నిమిషాలు. సెల్లారులోంచి కారు బయటికి తీశాను. నేను తాగను. కలను నిజమనుకొనే మనిషినీ కాను. ఏ రోజు సంగతి ఆ రోజే డైరీలో రాసుకొంటాను. ఇదీ అట్లా రాసుకొన్నదే... ఒక్క ముక్క కల్పించలేదు.

కారు మా బావమరిది రవిది. రెండు తలుపుల ఎర్ర స్పోర్ట్స్ కారు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. బిగువు స్ప్రింగుల బండి. రోడ్డు మీది ప్రతి గతుకూ లోపలి ప్లాస్టిక్‌ను కదిపేది. ఒకచోట కిర్రు, ఒకచోట టిక్కు. ఆదివారాలు ఇద్దరం ఆ చప్పుళ్ళను వేటాడేవాళ్ళం. నేను నడిపేవాణ్ణి. వాడు పక్క సీట్లో వంగి, అరచేత్తో ఒక్కొక్క భాగాన్నీ నొక్కేవాడు. చప్పుడు ఆగితే చేయి తీసేవాడు. మళ్ళీ మొదలైతే మళ్ళీ నొక్కేవాడు. రెండోసారీ ఆగితేనే ఖాయం. చిక్కడపల్లిలో మా అపార్ట్‌మెంటుకు తిరిగివచ్చి, ఆ సందులో మెత్తటి ఫెల్టు గుడ్డ అతికించేవాళ్ళం.

"బావా, స్టీరింగ్ నీది, చెవులు నావి. జర మెల్లగ పోనియ్, ఎడ్లబండి లెక్క," అనేవాడు.

నా భార్య సరళ వాడికి అక్క. "డబ్బా కొని దానికి వైద్యం చేస్తున్నారు ఇద్దరూ," అని ఎగతాళి చేసేది.

"నవ్వకు అక్కా. ఒక్క సప్పుడు లేకుండ చేసినంకనే నిన్ను ఎక్కిస్త. గప్పటిదాంక ముట్టుకోనియ్య."

ఎక్కించలేదు. నవంబరులో ఒక రాత్రి నిద్రలోనే వాడి గుండె ఆగింది. ఆ రాత్రి వాడు ఫోన్ చేస్తే, రేపు మాట్లాడతానని సరళ పెట్టేసింది. ఆ 'రేపు' ఆమెను తినేస్తోంది. పెళ్ళి కానివాడు, కారు మాకే మిగిలింది. ఒక్క చప్పుడే తీయవలసి ఉంది. అదీ తీసేసి, వాడి మాట ప్రకారం ఆమెను కూర్చోబెట్టాలనుకొన్నాను.

అశోక్‌నగర్ మీదుగా నారాయణగూడ వైపు వెళ్ళాను. కోచింగ్ సెంటర్ల వీధి ఖాళీగా ఉంది. అద్దాలు మూశాను. పక్క సీటు ముందు ఎక్కడో... టిక్... టిక్... టిక్. నడుపుతూ దాన్ని వెతకడం ఒంటరివాడి పని కాదు. "ఎక్కడరా రవీ?" అన్నాను. అలవాటుగా నోటికి వచ్చింది.

ఆగింది.

రోడ్డు బాగుందేమో అనుకొన్నాను. లేదు. అవే గతుకులు... కారు ఊగుతూనే ఉంది... చప్పుడు మాత్రం లేదు. ఊపిరి బిగబట్టాను. మళ్ళీ వచ్చింది. టిక్... టిక్... మళ్ళీ ఆగింది.

వీధిదీపం వెలుగులో చూశాను. పక్క సీటు ముందున్న సొరుగు మూత... ఎడమ మూల... లోపలికి కొద్దిగా అణిగి ఉంది. దాని మీద ఏమీ లేదు. నేను చూస్తుండగానే మెల్లగా... చాలా మెల్లగా... పైకి లేచింది. చప్పుడు మొదలైంది.

నారాయణగూడ ఫ్లైఓవర్ కింద బండి ఆపాను. భయం కన్నా ఏడుపే ఎక్కువ వచ్చింది. సెల్లారుకు తిరిగివచ్చి, చోటు తెలిసింది కాబట్టి, ఆ మూత తెరిచి అంచుకు ఫెల్టు అతికించాను. పని మిగల్చడం నాకు తెలియదు.

పైకి వెళ్ళి సరళకు అంతా చెప్పాను.

"అతికించేశారా?"

"అతికించాను."

"నన్ను పిలవకుండానే? వాడేమోనని అనిపించీ... పని ముగించుకొని వచ్చారా?"

శాలువా కప్పుకొని తనే ముందు మెట్లు దిగింది. ఫెల్టు ముక్కను గోళ్ళతో పీకేసింది. అదే వీధి. అదే వేగం. టిక్... టిక్...

"ఒరేయ్, నేనొచ్చాన్రా," అంది ఆ మూత వైపు వంగి. "మీ బావకేనా? నాకు లేదా? ఒక్కసారి నొక్కరా..."

టిక్... టిక్... టిక్.

నారాయణగూడ దాకా వెళ్ళాం. వచ్చాం. మళ్ళీ వెళ్ళాం. రాత్రంతా అట్లాగే తిరిగాం. ఒక్కసారి కూడా ఆగలేదు. తెల్లవారుతుండగా ఆమె తన అరచేయి ఆ మూల మీద పెట్టింది. ఆగింది. ఇల్లు చేరేదాకా చేయి తీయలేదు.

చలికి ప్లాస్టిక్ ముడుచుకొంటుందని, ఇంజను వేడికి సాగుతుందని నాకు తెలుసు. నేను చూసింది అదే కావచ్చు. కాకపోనూ వచ్చు.

పోయినవి: ఒక ఫెల్టు ముక్క, సరళకు తమ్ముడితో దక్కవలసిన ఒక్క మాట.

ఉన్నవి: కారు, చప్పుడు.