చుక్క నీరు రాని హాల్లో మా బావ పెద్దకర్మ

మా బావ పోయాడన్న మాట నాకు తోటలో, కొబ్బరికాయల రాశి దగ్గర తెలిసింది. కాయలు ఒలిచే మనిషి ఫోను చెవి మీద నుంచి తీసి, "నిప్పుల మావ పోనాడట" అన్నాడు. పేరు చెప్పలేదు. మా ఉద్దానంలో అలా అంటే ఎవరో అందరికీ తెలుసు. నా చెల్లెలి మొగుడు. పలాసలోనూ టెక్కలిలోనూ ఫైరింజను మీద తిరిగి తిరిగి, ఆఫీసరై రిటైరైన మనిషి. కిడ్నీలు పాడై పోయాడు. మా వైపు అదేం వింత కాదు.

ఒలుపు ఆపమన్నాను. ఆ మనిషి గునపం పక్కన పెట్టి, "ఇంక మనిళ్లకొచ్చి గేసు గొట్టం వాసన సూసేవోడు లేడు" అని నవ్వబోయాడు. నా ముఖం చూసి ఆ నవ్వు మింగేశాడు.

ఆ నవ్వు గురించే ఇది రాస్తున్నాను. ఏడుపు మా చెల్లెలికి వచ్చింది. నాకు కోపం వచ్చింది, ఇంకా పోలేదు. నేను చదివింది రెండో తరగతి. మాట మొరటుగా ఉంటే మీరే సర్దుకోండి.

మా బావ ఎవరింటికి వెళ్లినా ముందు కుర్చీలో కూర్చునేవాడు కాదు. పైకి చూసేవాడు, కప్పు దేనితో వేశారో అని. తర్వాత తలుపులు చూసేవాడు. ఆ తర్వాత అడక్కుండా వంటింట్లో దూరి, సిలిండరు దగ్గర గొంతుక్కూర్చుని, రబ్బరు గొట్టం వంచి చూసేవాడు. చీలిక కనిపించిందా, రెగ్యులేటరు ఊడదీసి జేబులో వేసుకునేవాడు. కొత్త గొట్టం తెచ్చి చూపిస్తేనే తిరిగి ఇచ్చేది. ఆ పూటకి ఆ ఇంట్లో కట్టెల పొయ్యే గతి.

"కూర సగం ఉడికిందిరా నాయనా! ఈడి సేతులిరిగిపోను!" అని లోపల నుంచి ఆడవాళ్లు తిట్టేవారు.

అరుగు మీద కాళ్లు చాపుకుని, "గొంతు బాగుంది వదినా. ఇల్లంటుకుంటే ఇంతకన్నా గట్టిగా అరవాల" అనేవాడు.

మెత్తని మనిషి కాదు. పొగరుబోతు. నాతో సమానంగా అరిచే మనిషి మా చుట్టాల్లో అతనొక్కడే. అందుకే నాకు నచ్చాడేమో.

మా వాళ్లకొక నమ్మకం ఉంది. గృహప్రవేశం రోజున, పాలు పొంగించే గడపలో, కాలడం మాట ఎత్తకూడదు. మా బావ సరిగ్గా ఆ రోజే ఎత్తేవాడు. సామాను ఇంకా లోపల పడలేదు కాబట్టి, ఏదైనా మార్చుకోవడానికి అదే ఆఖరి రోజని అతని వాదన. నిమ్మాడలో మా చుట్టాల కొత్త ఇంట్లో పాలు పొంగుతుండగా కిటికీ ఊచలు పట్టుకుని ఊపాడు.

"వంటిల్లు గుమ్మం కాడ పెట్టినారు. పడుకునే గదులు ఎనక పెట్టినారు. ముందు అంటుకుంటే ఎనకున్నోళ్లు ఎటు పోతారు?"

ఇంటి పెద్దావిడ పాలగిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "శుభమా అని పిలిత్తే ఈ మాటలేటి బాబూ!" అంది.

"మాటలు నాయి, ఇల్లు నీది. ఒక్క కిటికీ ఊసలైనా తెరుసుకునేలా సేయించు అప్పా, నీకు దండం పెడతాను."

దండం నిజంగానే పెట్టాడు. ఊచలు అలాగే ఉన్నాయి. ఆ తర్వాత మా చుట్టాలు శుభలేఖలు ఇచ్చేటప్పుడు, "నువ్వొక్కదానివే రా అమ్మా" అని మా చెల్లెలి చెవిలో చెప్పడం మొదలుపెట్టారు. వాళ్ల లెక్కలో ఇల్లు కాల్చేది చీలిన గొట్టం కాదు, గొట్టం చీలిందని చెప్పిన నోరు. ఇంత తెలివి మా జనానిది.

సముద్రం ఒడ్డున, చేపల వేట మీద బతికే ఒక పల్లెలో ఇళ్లన్నీ తాటాకువీ, కొబ్బరి కమ్మలవీ. ఒకరి చూరు ఒకరి చూరు మీద ఆనుకుని ఉండేవి. ఎండాకాలం గాలికి ఒకటి అంటుకుంటే వరసంతా పోయేది. ఆ ఇసుక దారిలో ఇంజను వెళ్లేసరికి తడపడానికి బూడిదే మిగిలేది. చూసి చూసి మా బావ ఒకరోజు నా తోటకొచ్చి, మూలన పడున్న స్ప్రింక్లరు గొట్టాలు భుజాన వేసుకుపోయాడు. ఒక పూరింటి నడికప్పు పొడవునా కట్టి, చిల్లులు పొడిచి, నీళ్ల ట్యాంకుకి తగిలించాడు. మీట తిప్పితే కప్పంతా తడిసింది. పట్నాల్లో పెద్ద మేడలకి కప్పు లోపల ఉండేది మీకు కప్పు మీద పెట్టాను, అంతే తేడా అని చెప్పాడు.

వల అల్లుకుంటున్న ఒకాయన తల ఎత్తాడు. "కొబ్బరికి కట్టినట్టు ఇంటికి నీళ్లు కడతన్నావు. ఇల్లు కాయలు కాత్తాదేటి మావా?"

పల్లెంతా నవ్వింది. బావ మీట కట్టేస్తూ, "కాయలు కాయదు. మిగుల్తాది" అన్నాడు.

నెల తిరక్కుండా ఆ గొట్టం పీకేశారు. కమ్మలు కుళ్లిపోతాయట! వానాకాలమంతా నానే కప్పు మా బావ తడిపితేనే కుళ్లిపోతుందట. మరుసటి ఎండల్లో ఆ వరస కాలిపోయింది. మనుషులు బతికారు, వలలూ బట్టలూ బియ్యమూ పోయాయి. నేను చెడామడా తిట్టాలనే బయల్దేరి వెళ్లాను. అక్కడ మా బావ పొయ్యి తవ్వించి గంజి కాయిస్తున్నాడు. నేను నోరు తెరవగానే చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టాడు.

"ఇప్పుడు కాదు బావా. ఇప్పుడు తిండి."

తిట్లు మళ్లీ కప్పులు వేసుకునే రోజున తిట్టాడు. చూరుకీ చూరుకీ మధ్య మనిషి పట్టేంత ఎడం వదిలిందాకా అక్కడి నుంచి కదల్లేదు.

ఇక అసలు సంగతి. పలాస రోడ్డులో ఒక ఫంక్షన్ హాలుంది. పేరు రాయను. మా పెళ్లిళ్లన్నీ అందులోనే. భోజనాల హాలుకి తెల్లటి సున్నపు పలకలతో అందంగా కప్పు దించారు. ఆ కప్పులో వరసగా చిన్న ఇత్తడి ముక్కులు పొడుచుకొచ్చి ఉంటాయి. ఒక్కోదాంట్లో గోరంత గాజు గొట్టం, దానిలో ఎర్ర రసం. కింద మంట లేస్తే వేడికి ఆ గాజు పగిలి, వెనకున్న నీళ్లు గొడుగులా చిమ్మాలి. ఇంజను వచ్చేదాకా జనం ప్రాణం నిలబెట్టేవి అవే. హాలు కట్టిన కొత్తలో బావ తనిఖీకి వెళ్లి, చివర ఉండే మీట తిప్పమన్నాడు. గాలి కూడా రాలేదు. నిచ్చెన వేయించి పలక ఎత్తి చూస్తే వెనక గొట్టమే లేదు. బొట్టుబిళ్లలు అంటించినట్టు అంటించారు. కుదరదని రాసిచ్చాడు. అతను బదిలీ అయి వెళ్లాక హాలు తెరుచుకుంది. అనుమతి కాగితం ఎలా పుట్టిందో నాకు తెలియదు. పుట్టింది.

అప్పటి నుంచి అతను ఆ హాల్లో ముద్ద ముట్టలేదు. యజమాని ఎక్కడ కనపడినా, సంతలో అయినా, రావివలస మల్లన్న గుడి మెట్ల మీద అయినా, "గొట్టం ఏసినావా?" అని అడిగేవాడు. ఆయనా నవ్వుతూ, "ఏయిత్తాను సార్, ఏయిత్తాను" అనేవాడు. పండగ పలకరింపులా అయిపోయింది అది.

రక్తం మార్పించుకోవడానికి, అదే డయాలసిస్‌కి, తీసుకెళ్లిన చోట కూడా మా బావ ఊరుకోలేదు. వెనక తలుపుకి అట్టపెట్టెలు అడ్డంగా పేర్చి ఉంటే, అవి తీసేదాకా మంచం ఎక్కనన్నాడు. "సూదులు గుచ్చి పడుకోబెడతారు, మంటొత్తే లేచి పరిగెత్తుతామేటి అమ్మా?" అని నర్సుని అడిగాడు. ఆ పిల్ల గొణుక్కుంటూనే తీసింది. అతని మాట విన్న కొద్దిమందిలో ఆ పిల్ల ఒకతి, చల్లగా ఉండాలి. ఆ రోజు మంచం మీద చెయ్యి చాపి ఉంచి నాతో అన్నాడు:

"బావా, ఆ హాల్లో మన పిల్లా గుంటలందరూ తింటారు. నేను పోయేలోగా దాని గొట్టాల్లో నీళ్లు పారితే బాగుణ్ణు."

ఇంకేమీ అడగలేదు మనిషి. పొలం గురించి కాదు, కొడుకు గురించి కాదు.

పెద్దకర్మ ఎక్కడో తెలుసా మీకు? ఆ హాల్లోనే. నా మేనల్లుడు కుదిర్చాడు. మంచివాడే, విశాఖలో ఉద్యోగం, నలుగురిలో గొడవంటే భయం. యజమాని ఇంటికొచ్చి మరీ, "సార్ మీద గౌరవంతో ఊరికే ఇస్తున్నాను బాబూ" అన్నాడట.

"మీ నాన్న కాలు పెట్టని సోట మీ నాన్న పేరున ముద్దలు పెడతావురా?" అన్నాను.

"గొట్టాలు ఎప్పుడో కలిపించేసారంట మావా, నీళ్లు వస్తాయంట. జనాల్ని పిలిచేసాను. ఈ ఒక్క రోజు ఊరుకో."

మా చెల్లెలు గోడకి ఆనుకుని వింటోంది.

వెళ్లాను. మా బావ ఫొటో వేదిక మీద, పూలదండ కింద. మైకు పట్టుకున్న ప్రతివాడూ మహానుభావుడన్నాడు, ప్రాణదాత అన్నాడు. శుభలేఖ ఇవ్వనివాళ్లూ అన్నారు, గొట్టం పీకేసినవాళ్లూ అన్నారు. చివరికి యజమాని లేచి, "సార్ చెప్పిన మాటలు మనకు దారిదీపాలు" అన్నాడు. అక్కడ నాకు ఆగలేదు.

భోజనాల హాల్లో అప్పటికే మొదటి బంతి కూర్చుని ఉంది. పప్పు వడ్డిస్తున్నారు. వంటవాళ్ల దగ్గర పొడుగు కాడ గరిటె తీసుకున్నాను. వస్తూ వస్తూ ఫొటో ముందు నుంచి తెచ్చిన కర్పూరం గుప్పెడు దానిలో పోసి వెలిగించాను. ఖాళీ బల్ల ఎక్కాను. కొబ్బరి చెట్లెక్కిన కాళ్లు, ఇంకా మాట వింటాయి.

"ఏటది మావా! దిగు, పిచ్చెక్కిందేటి!" అని ఒకడు.

యజమాని పరిగెత్తుకొచ్చాడు. "పెద్దాయనా, దాని జోలికెళ్లకండి. కప్పు డెకరేషను పాడయిపోతాది."

"డెకరేషనేటి? నీళ్లొత్తాయన్నావు కదా. వస్తే అందరం తడుత్తాం. నీ కాళ్లకి దండం పెట్టి, తడి పంచెతో ఇంటికి పోతాను. రాకపోతే నువ్వు మైకులో సెప్పు, రాలేదని."

జనం విస్తర్ల మీద చేతులు అడ్డం పెట్టుకుని పైకి చూస్తున్నారు. తడుస్తామనే భయపడ్డారు పాపం. నిజం చెప్పాలంటే నేనూ భయపడ్డాను. నీళ్లు పడితే బాగుండునని ఒక పక్క, పడితే ఈ మనిషి కాళ్లు పట్టుకోవాలే అని ఇంకో పక్క. గరిటె ఎత్తి, మంట ఆ ఎర్ర గాజుకి తగిలీ తగలనట్టు పట్టుకున్నాను. కర్పూరం మసి తెల్ల పలక మీద నల్లగా పాకింది. గాజు టప్పుమని పగిలింది.

కింద బల్ల మీద చిన్న పెంకు రాలింది. దాని వెనక కొంచెం సున్నం పొడి. అంతే.

ఎంతసేపు చూసినా అంతే.

"ఇవాళ ట్యాంకు కట్టేసుంటారు" అన్నాడు యజమాని. రాలేదని మైకులో చెప్పు అన్నాను. చెప్పలేదు. మా మేనల్లుడు తల వంచుకుని, సున్నం పొడి వేలితో తుడుస్తున్నాడు. చుట్టుపక్కల ఒక్క మనిషి కూడా ఆ యజమానిని నిలదీయలేదు. బంతి చివర నుంచి ఎవరో, "సాంబారు" అని పిలిచారు. చూశారా, మా బావ బతికిన ఊళ్లు ఇవి. గొట్టం ఖాళీ అని కళ్లతో చూశాక కూడా సాంబారు అడిగే జనం మధ్య ఒంటరిగా అరిచి అరిచి పోయాడు.

అప్పుడు లేచింది మా చెల్లెలు. మూల కుర్చీలో కూర్చోబెట్టిన మనిషి తనంతట తాను లేచి, ఒక విస్తరి తీసుకుని, ఎవరి ముఖం చూడకుండా గుమ్మం దాటి మెట్లు దిగింది. రోడ్డు పక్కన కంకర కుప్ప ఉంటే దాని అంచున ఎండలో కూర్చుని, విస్తరి ఒళ్లో పెట్టుకుంది. కొంతసేపటికి గ్యాసు గొట్టం గురించి బావని తిట్టిన వదినమ్మ లేచింది. ఆమె వెనక ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు పిల్లల్ని లాక్కుంటూ. తర్వాత మా మేనల్లుడు, ఫొటోని దండతో సహా రెండు చేతులా పట్టుకుని. మిగతావాళ్లు కూర్చునే ఉన్నారు. సగం కన్నా ఎక్కువే.

అన్నం బకెట్టు పట్టుకున్న వడ్డన మనిషి గుమ్మంలో ఆగిపోయి, లోపలికోసారీ బయటికోసారీ చూస్తున్నాడు. లోపల నుంచి యజమాని పిలుస్తున్నాడు.

"ఇటు తే బాబూ" అంది మా చెల్లెలు ఎండకి కళ్లు చిట్లించి. "ఇక్కడా జనమే ఉన్నారు."