సీసాలక్క చెప్పిన పులుపు సంగతి

సముద్ర పరిశోధనశాలలో పందొమ్మిదేళ్లుగా ఆమె పని ఒక్కటే. పొద్దున్నే రేవు చివరికి వెళ్లి సీసాల్లో నీళ్లు పట్టడం, వాటిలో కార్బన్ ఎంతుందో, పులుపు ఎంతుందో కొలవడం, ఆ అంకెల కాగితాన్ని రేవు బోర్డుకు అంటించడం. అందరూ ఆమెను సీసాలక్క అనేవారు. డిగ్రీ మధ్యలో ఆపేసిన మనిషి. సభల్లో నోరు విప్పే అవసరం ఎన్నడూ రాలేదు.

ఆ ఏడు ఆల్చిప్పల్ని పొదిగించి పెంచే హేచరీల్లో చిప్పపిల్లలు చచ్చిపోయాయి. ఇసుక రేణువంత పిల్లలు మూడే రోజుల్లో తొట్ల అడుగున బూడిదలా పేరుకున్నాయి. ఏడు హేచరీలు నష్టాల్లో మునిగాయి. వాటిలో ఒకటి ఆమె సొంత అన్నయ్యది. పరిశోధనశాలవాళ్లు సముద్రంలో ఏదో మందు కలిపారని పుకారు గుప్పుమంది. ఎవరో ఆమె సైకిలు టైర్లు కోసేశారు.

సంజాయిషీ చెప్పడానికి పరిశోధనశాలవాళ్లు చేపల వేలం షెడ్డులో సభ పెట్టారు. శాస్త్రవేత్త ఆమ్లత్వం, సంతృప్త సూచిక అంటూ తెర మీద గీతలు చూపించాడు. పది నిమిషాలు తిరక్కుండానే ఒక కుర్చీ ఎగిరొచ్చి తెరకు తగిలింది.

"మా నోట్లో మట్టి కొట్టి, మాకే పాఠాలా?" అంటూ అన్న ముందుకొచ్చాడు. వెనకే ఇరవై మంది.

శాస్త్రవేత్త తెర వెనక్కి జరిగాడు. సీసాలు మోసుకొచ్చి ఓ పక్కన నిలబడ్డ ఆమె అడ్డం వచ్చింది. గాజుగ్లాసులో సముద్రపు నీళ్లు పోసి, నాలుగు చుక్కలు రంగుమందు వేసింది. నీళ్లు నీలంగా మారాయి. ఒక సన్న గొట్టం అన్న చేతికిచ్చింది.

"ఊదన్నయ్యా."

"నాటకాలాడుతున్నావా?"

"తిట్టడానికి ఊపిరుందిగా. దాన్నే ఇందులోకి ఊదు."

ఎవరో కిసుక్కుమన్నారు. అన్న పళ్లు కొరుకుతూ ఊదాడు. నీలం ఆకుపచ్చయింది, ఊదగా ఊదగా పసుపయింది. ముందువరసలో వాళ్లు మెడలు సాచారు.

"నీ ఊపిరిలోని కార్బన్ డయాక్సైడే నీళ్లకి పులుపు పట్టించి రంగు మార్చింది. మనం కాల్చే బొగ్గు, పెట్రోలు పొగలోనూ అదే. అందులో నాలుగో వంతు సముద్రం మింగుతోంది. అడుగునీళ్లలో ఎలాగూ ముందే ఎక్కువ. మొన్న గాలి గట్టిగా వీచి అవి పైకొచ్చాయి, మీ మోటార్లు వాటినే తోడాయి. పెద్ద చిప్పలు తట్టుకుంటాయి. ఆ పులుపు నీళ్లలో పసివాటికి పెంకు కట్టుకునే సున్నం అందలేదు."

అన్న గ్లాసు కింద పెట్టాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

చెప్పొద్దన్నట్టు శాస్త్రవేత్త కళ్లతోనే సైగ చేశాడు.

"పిల్లలు చావడానికి నాలుగు రోజుల ముందు. బోర్డుకి అంటించాను."

"ఆ బోర్డు ముందు రోజూ నిలబడతానే! ఆ అంకెలు చూసి నాకేం అర్థమవుతుందనుకున్నావు?"

"అసలు ఆలోచించలేదన్నయ్యా. అంటించాక నా పనైపోయిందనుకున్నాను. ఒక్క ఫోన్ చేసి చెప్పాల్సింది. తప్పు నాదే."

అన్న గిరుక్కున తిరిగి వెళ్లిపోయాడు. మిగతావాళ్లూ ఒక్కొక్కరే కదిలారు. ఎవరూ ఆమె మీద చెయ్యి చేసుకోలేదు, ఎవరూ పలకరించనూ లేదు.

మర్నాటి నుంచి నీళ్లు కొలవగానే ఏడుగురికీ ఫోన్ చేయడం మొదలుపెట్టింది. "ఇవాళ తోడొద్దు." "మధ్యాహ్నం దాటాక తోడుకోండి." అనుమతి లేకుండా ఇదేమిటని ఆఫీసు మెమో ఇచ్చింది. సంతకం పెట్టి తీసుకుని, మళ్లీ ఫోన్ అందుకుంది. ఇద్దరు వెటకారం చేశారు. అన్న మాత్రం ఫోన్ ఎత్తి, విని, ఊఁ అనైనా అనకుండా పెట్టేసేవాడు.

మూడు వారాలకు మళ్లీ గాలి లేచింది. తోడొద్దని అందరికీ చెప్పింది. రెండో రోజు సాయంత్రం వదిన ఫోన్ చేసింది.

"మీ అన్నయ్య మోటారు స్విచ్చి దగ్గరే కూర్చున్నారు. తొట్లో నీళ్లు పాడవుతున్నాయి, ఇప్పుడు తోడొచ్చా అని అడగమంటున్నారు."

"తననే అడగమను వదినా."

"నీతో మాట్లాడరట."

ఆమె కిటికీలోంచి రేవు వైపు చూసింది. అక్కడి జెండా గాలికి ఇంకా రెపరెపలాడుతూనే ఉంది.

"రేపటిదాకా ఆగమను. ఎంత కష్టమైనా సరే."

ఆగాడు. మాట వినకుండా తోడిన ఆ వెటకారం ఇద్దరి తొట్లూ తుడిచిపెట్టుకుపోయాయి, అన్న తొట్లో పిల్లలు బతికాయి. అయినా అతను చెల్లెలితో మాట కలపడానికి మరో ఏడాది పట్టింది.