ఆఖరి ఓవర్ కోసం దాచిన గంగారాం

ఇప్పుడు మీరు చదవబోయేది ఒక మహాసంగ్రామం. ఏనుగులు ఘీంకరిస్తాయి, శంఖాలు మోగుతాయి. ఒక సేనాపతి చేసిన ఘోరమైన తప్పుకు సైన్యం మొత్తం సర్వనాశనం అంచుదాకా వెళ్లి తొంగిచూసి వస్తుంది.

అబద్ధం. మస్కట్‌లో, ఘుబ్రా అనే పేటలో ఇళ్ల వెనక గులకరాళ్ల ఖాళీ స్థలంలో, టెన్నిస్ బంతితో ఎనిమిది ఓవర్ల మ్యాచ్. ఏనుగులు లేవు. రెండు పిల్లులున్నాయి, అవీ మా ఆట చూడలేక కార్ల కిందికి దూరాయి. సేనాపతి తప్పు మాత్రం నిజం. ఆ సేనాపతిని నేనే.

నేనెలా కెప్టెన్నయ్యానని అడక్కండి. సరే, అడిగారు కాబట్టి చెప్తాను. కిట్ మొత్తం పట్టే డిక్కీ ఉన్న కారు జట్టులో నా ఒక్కడికే ఉంది. నాయకత్వ లక్షణాలు అంతటితో సమాప్తం.

ఆ స్థలం మాకూ, ఏసీ మెకానిక్కుల జట్టుకూ ఉమ్మడి. శుక్రవారం పొద్దున ఆరింటికి ఒకళ్లు, తొమ్మిదింటికి ఇంకొకళ్లు, వారం మార్చి వారం. మే నెల రాగానే ఈ స్నేహం ఆవిరైపోయింది. ఆ ఎండలో తొమ్మిదింటికి ఆడడమంటే పెనం మీద దోసె తనంతట తాను తిరగేసుకోవడమే. అందుకని ఒకే ఒక్క మ్యాచ్ పెట్టుకున్నాం: గెలిచినవాళ్లకి వేసవంతా ఆరింటి ఆట, ఓడినవాళ్లకి తొమ్మిదింటి వేపుడు.

మాకది చెమట సమస్య. గంగారాంకి మాత్రం ఆట ఉంటుందా ఊడుతుందా అన్న సమస్య. గంగారాం మా ఒకే ఒక్క ఫాస్ట్ బౌలర్, జగిత్యాల వైపు మనిషి. ఇక్కడ కట్టడాల పనిలో ఉన్నాడు. వేసవిలో మస్కట్‌లో కాంక్రీటు రాత్రిపూటే పోస్తారు. గురువారం రాత్రంతా స్లాబ్ మీదుండి, తెల్లారి కంపెనీ బస్సు దిగి, సిమెంటు బూట్లు విప్పి నేరుగా బంతి పట్టుకుంటాడు. మొదటి ఓవర్లు వేసేసి పడుకుంటాడు. తొమ్మిదింటిదాకా కళ్లు తెరిచి ఉండడం ఆయన వల్ల కాదు.

"ఆరింటి ఆట పోతే, ఇగ ఈ ఎండకాలం నేను బాల్ ముట్టుడు లేదు తమ్మీ" అన్నాడు మ్యాచ్ ముందురోజు ఫోన్లో.

అదే రాత్రి నేను అమెరికా బేస్‌బాల్ వీడియో ఒకటి చూశాను. చూడకపోతే దేశాలు బాగుపడేవి. అక్కడ ఆట మొదలెట్టే బౌలర్ వేరట, చివర్లో వచ్చి ముగించేవాడు వేరట. ఆ ముగించేవాణ్ని ఆటంతా దాచిపెట్టి, ప్రాణం మీదికొచ్చినప్పుడు బయటికి తీస్తారట. నాకు జ్ఞానోదయమైంది. ఇన్నాళ్లూ గంగారాంని మేం మొదట్లోనే ఖర్చు పెట్టేస్తున్నాం!

పొద్దున టాస్ గెలిచి బ్యాటింగ్ తీసుకున్నాను. మా వికెట్ కీపర్ యాదగిరి గ్లవ్స్ కింద పడేశాడు. అతను గంగారాం రూమ్మేటు.

"కెప్టెన్ సాబ్, దిమాక్ ఖరాబైందా? ఎప్పుడైనా మనమే ముందుగాల బౌలింగ్ చేస్తం గద!"

"ఈసారి గంగారాం మొదలెట్టడు యాదగిరీ. ముగిస్తాడు. ఆయన మన క్లోజర్."

"రాత్రంత స్లాబ్ పోసి అచ్చిండు. ఇప్పుడియ్యకుంటే ఆయన కండ్లే క్లోజ్ అయితయి!"

స్కోరు రాసే రమణమ్మక్క తల ఎత్తకుండానే నవ్వింది. ఆమెది కడప. దగ్గర్లోని విల్లాలో వంట చేస్తుంది, శుక్రవారం సెలవు.

"చెప్పేది వినప్పా కెప్టెనూ. వండిన కూర వేడి మింద వడ్డించాల గానీ, దాచి పెడ్తే ఎట్ల?"

"అక్కా, ఇది అమెరికా పద్ధతి."

"అట్లనా. అయితే అమెరికావోళ్లనే పిలిపిచ్చుకో, వాళ్లే వచ్చి ఆడ్తారు."

నేను వినలేదు. గంగారాంని నా కారులో కూర్చోబెట్టి, ఇంజన్ ఆన్ చేసి, ఏసీ పెట్టి, "అన్నా, మీరు మా బ్రహ్మాస్త్రం. హాయిగా రెస్టు తీసుకోండి. ఫీల్డింగ్ పదిమందిమే చూసుకుంటాం" అన్నాను. బ్రహ్మాస్త్రం సగం నిద్రలోనే ఆవలించి తలూపింది.

మ్యాచ్ గురించి క్లుప్తంగా చెప్తాను, వివరంగా చెప్పుకోదగ్గ బ్యాటింగ్ మేమేమీ చేయలేదు. తర్వాత వాళ్లు దిగారు. ఏసీ ఔట్‌డోర్ యూనిట్లంత భుజాలున్న ఒకడు మా బంతుల్ని పక్క మేడల బాల్కనీల్లోకి కొట్టాడు. అయినా ఎలాగో ఆఖరి ఓవర్ దాకా లాక్కొచ్చాం. అయిదు పరుగులు చేస్తే వాళ్లు గెలుస్తారు. సరిగ్గా నా వీడియోలో చూపించిన ఘట్టం. ఛాతీ విరుచుకుని కారు దగ్గరికి వెళ్లాను.

డోర్లు లాక్. తాళం లోపల. లేబర్ క్యాంపులో పడుకునేముందు గడియ వేసుకునే అలవాటు కొద్దీ లోపలి నుంచి నొక్కేసుకున్నట్టున్నాడు. సీటు పూర్తిగా వెనక్కి వాల్చి, నోరు తెరిచి, రాజాధిరాజులా గురక పెడుతున్నాడు. మమ్మల్ని ఓడించడానికి ఏసీ మెకానిక్కులు బ్యాట్లు తేవలసిన పని లేకపోయింది. ఏసీ ఒక్కటి చాలింది.

అద్దం కొట్టాను. అరిచాను. కారుని ఊపాను. ఊయల ఊపినట్టయింది, ఇంకాస్త ముడుచుకుని పడుకున్నాడు.

"గట్ల లెవ్వడు" అన్నాడు యాదగిరి చేతులు కట్టుకుని. "రూమ్‌ల అలారం పెడ్తే అలారమే అలిసి పంటది."

"యాదగిరీ, నీ కాళ్లు పట్టుకుంటా. తప్పు నాదే. వీడియో చూడను, ఫోనే అమ్మేస్తాను. ఎలాగోలా లేపు. ఈ వేసవంతా ఆయన ఆట నా వల్ల పోతుంది."

యాదగిరి నన్ను జాలిగా చూశాడు. గొంతు సవరించుకుని అద్దానికి నోరానించి, సైట్ మీద ఫోర్‌మన్ గొంతుతో గర్జించాడు:

"గంగారాం! కాంక్రీట్ గాడీ ఆ గయా!"

మనిషి స్ప్రింగులా లేచాడు. డోరు తెరుచుకుంది. "ఏడికచ్చింది? పంపు ఏది?" అంటూ బయట పడ్డాడు. ఎదురుగా పంపు లేదు, బంతి పట్టుకుని నేనున్నాను. కళ్లు నులుముకున్నాడు.

"ఓ... మ్యాచా? టాస్ మనమే గెలిచినమా?"

"గె... గెలిచామన్నా."

"మొదటి ఓవరే గద నాది?"

యాదగిరి నోరు తెరిచాడు. నా చేత్తో మూసేశాను. నా కెప్టెన్సీలో తెలివైన పని అదొక్కటే.

"మొదటి ఓవరే అన్నా. హాయిగా వెయ్యండి."

"గింత ఎండేంది పొద్దుగాల్నే?"

"మే నెల కదన్నా!"

అటు బ్యాట్స్‌మన్ "ఆఖ్రీ ఓవర్ హై భాయ్, జల్దీ కరో!" అని అరిచాడు. అది వినపడకుండా మా జట్టంతా చప్పట్లు కొట్టింది. రమణమ్మక్కయితే ప్లాస్టిక్ కుర్చీని తబలా చేసేసింది.

చూడాలి ఆ ఓవర్! మేమంతా బంతికో దేవుడికి మొక్కుతుంటే, గంగారాం మాత్రం ఇంకా ఏడు ఓవర్లున్న మనిషిలా తీరిగ్గా పరుగెత్తుకొచ్చి కాళ్ల దగ్గర పడేట్టు వేస్తున్నాడు. ఔట్‌డోర్ యూనిట్ భుజాలు గాలిని మాత్రమే చల్లబరిచాయి. కిందామీదా పడి మూడు పరుగులు తీశారు. ఇక ఆఖరి బంతి. రెండు చేస్తే వాళ్లది, పరుగే రాకపోతే మాది. గంగారాం ఆవలించి మరీ వేశాడు. మధ్య స్టంపు ఎగిరి వెనకున్న చెత్త డబ్బా దగ్గర పడింది.

మేం పిచ్చెక్కినట్టు గెంతాం. యాదగిరి నన్నెత్తి కింద పడేశాడు. రమణమ్మక్క ఫ్లాస్కు మూత గాల్లోకి విసిరింది. అందరం గంగారాంని భుజాల మీదికెత్తి స్థలం చుట్టూ తిప్పుతుంటే, ఆయన పైనుంచి విసుక్కున్నాడు:

"ఏ, దించుండ్రి! ఒక్క వికెట్‌కే గింత లొల్లా? ఇంక ఏడు ఓవర్లున్నయ్ గద!"

ఆనాడు ఆ గులకరాళ్ల మీద నిలబడి, కుడి చెయ్యి ఎత్తి ప్రమాణం చేశాను. ఇక నా బొందిలో ప్రాణముండగా ఏ బౌలర్నీ చల్లటి చోట దాచను. ఇతర ఖండాల ఆటల నుంచి జ్ఞానం దిగుమతి చేసుకోను. కారు తాళం జేబులోంచి తియ్యను. ఈ ప్రమాణానికి సాక్షులు రెండు పిల్లులు.

ఆరింటి ఆట మాదైంది. తర్వాతి వారం నుంచి కంపెనీ గంగారాంని పగటి డ్యూటీకి మార్చింది. రాత్రి నిద్ర కుదురుతోంది కాబట్టి శుక్రవారం కాస్త ఆలస్యంగా లేస్తాడట. తొమ్మిదింటికైతే వీలంటున్నాడు.