లైఫ్‌టైమ్ ఆయిల్

పూరీ గేట్ ఓవర్‌బ్రిడ్జ్ సగం ఎక్కేసరికి దోర్కా కారు మొరాయించింది. ఇంజను గీపెట్టింది గానీ చక్రాలు కదల్లేదు. వెనకనున్న టోటోలు, అవే బ్యాటరీ రిక్షాలన్నీ ఒక్కసారే హారన్లు అందుకున్నాయి. అంతలో ఎవరో వెనక నుంచి తన్నినట్టు కారు ముందుకు దూకింది. దోర్కా నుదురు స్టీరింగుకి తగలబోయి తప్పింది. పక్క సీట్లో పెట్టుకున్న కట్ల సామానంతా కింద బోర్లా పడింది.

నలభై ఆరేళ్ళ దోర్కా ఇంటింటికీ తిరిగే నర్సు. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేసిన ముసలివాళ్ళకి పుండ్లు కడిగి కట్లు మారుస్తుంది, ఇంజెక్షన్లు చేస్తుంది. ఆ రైల్వే ఊళ్ళో గోల్‌బజార్ సందుల నుంచి ఊరి బయట సాలువా పల్లెల దాకా ఆమె కోసం ఎదురుచూసేవాళ్ళున్నారు. చిన్నప్పటి పోలియో వల్ల ఎడమకాలికి క్లచ్ తొక్కే బలం లేదు. అందుకే పదకొండేళ్ళ కిందట ఆటోమేటిక్ గేరు కారు కొనుక్కుంది. మీటరు ఇప్పుడు లక్షా డెబ్బై ఎనిమిది వేలు దాటింది. ఆ తిరుగుడంతా తనది. సర్వీసింగు మాత్రం ఒకే ఇంట్లో ఉండే అన్న విల్‌ఫ్రెడ్ చూసుకునేవాడు. అతను రైల్వే వర్క్‌షాపులో టెక్నీషియను. ఇనుము సంగతి మగాళ్ళకే తెలుస్తుందని ఆ ఇంట్లో ఒక నమ్మకం.

మర్నాడు అన్నాచెల్లెళ్ళిద్దరూ హైవే మీదున్న సర్వీస్ సెంటరుకి వెళ్ళారు. కారు ఏం చేస్తోందో దోర్కా హిందీలో వివరంగా చెప్పింది. కౌంటరు దగ్గరి అడ్వైజరు అంతా విని, జవాబు విల్‌ఫ్రెడ్‌కి చెప్పాడు.

“గేర్‌బాక్స్ అయిపోయింది సార్. కొత్తది వెయ్యాలి. లేదంటే బండి అమ్మేసి ఇంకోటి తీసుకోండి.”

“గేర్‌బాక్స్ ఆయిల్ మారిస్తే?” అని అడిగింది దోర్కా.

“అది లైఫ్‌టైమ్ ఆయిల్ సార్. మార్చేది కాదు. ఇన్ని కిలోమీటర్లు తిరిగాక మారిస్తే ఉన్నది కూడా పోతుంది.” ఈసారి కూడా అతని చూపు విల్‌ఫ్రెడ్ మీదే ఉంది.

“ఎవరి లైఫ్‌టైము? నాదా, కారుదా, మీ వారంటీదా?”

అతను నవ్వాడు. దోర్కా చెవులు వేడెక్కాయి. రోగుల ఇళ్ళలో ఎన్ని మాటలైనా పడుతుంది. ఎదురుగా కూర్చున్న తనని లేనట్టు చూస్తే మాత్రం ఓర్చుకోలేదు. కారు కొన్న నాటి నుంచి జరిగిన సర్వీసుల కాగితాలన్నీ కావాలంది. లేవన్నాడు. కంప్యూటరులో ఉంటాయంది. టైము పడుతుందన్నాడు. కుర్చీ లాక్కుని కౌంటరుకి అడ్డంగా కూర్చుంది.

గంట తర్వాత చేతికొచ్చిన కాగితాలు ఒక్కొక్కటీ చదివింది. అరవై రెండు వేల కిలోమీటర్ల దగ్గర ఇలా రాసుంది: గేర్‌బాక్స్ ఆయిల్ మార్చమని చెప్పాం, కస్టమరు వద్దన్నారు. కింద విల్‌ఫ్రెడ్ సంతకం. లక్షా పది వేల దగ్గర మళ్ళీ అదే మాట, అదే సంతకం.

ముందుగా ఆ కాగితాన్ని అడ్వైజరు ముందు పెట్టింది. “మార్చేది కాదన్నారు. మరి ఇదెవరు రాశారు?”

అతను చదివి, “పాత మేనేజరు రాసుంటారు మేడమ్” అన్నాడు. మేడమ్ అనడం ఆరోజుకి అదే మొదలు.

బయట కారు దగ్గరికొచ్చాక అన్న వైపు తిరిగింది. “ఇదేటన్నా?”

“అదా. ఆళ్ళు అలాగే రాస్తారు, బిల్లు పెంచడానికి. వర్క్‌షాపులో నాను సూడనిదేటి?”

“నాకెందుకు సెప్పనేదు?”

“ఇవన్నీ నీకు తెల్దు కదా. కంగారు పడతావని.”

“కాలికి ఆపరేషను వద్దని డాక్టరుకి నువ్వే సెప్పినావు. కటక్‌లో ఉద్యోగమొస్తే, మా సెల్లి అంత దూరం ఎల్లనేదని నువ్వే సెప్పినావు. ఇప్పుడు నా గేర్‌బాక్సు కూడానా? కస్టమరు వద్దన్నారంట. ఎవులు ఆ కస్టమరు? సంతకం నీది. బ్రిడ్జి మీద ఆగిపోయింది నాను.”

విల్‌ఫ్రెడ్ అలవాటు కొద్దీ తాళం కోసం చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు. అతన్ని అక్కడే వదిలేసి, ముప్పై దాటని వేగంతో తనే నడుపుకుంటూ వెళ్ళిపోయింది. అన్న ఇంటికి ఎలా చేరాడో అడగలేదు.

వెళ్ళింది నూకయ్య మెకానిక్ షెడ్డుకి. రైల్వే డీజిల్ ఇంజన్ల షెడ్డులో ఫిట్టరుగా రిటైరైన మనిషి. ఆటోమేటిక్ గేర్‌బాక్సులు విప్పగలిగినవాళ్ళు ఊళ్ళో ఇద్దరు ముగ్గురుంటే, వాళ్ళలో ఒకడు.

“మార్సనమ్మా” అన్నాడు వింటూనే. “ఇంత తిరిగిన బండి ఇది. అరిగిన పొడంతా ఆ పాత నూనిలోనే ఉంటాది. ఆ పొడే లోపలి ప్లేట్లకి పట్టు ఇస్తాది. తీసేస్తే జారిపోతాయి. అప్పుడు నూకయ్యే పాడుసేసినాడంటారు. పోయినేడు ఒకాయన పదిమందిని ఏసుకొచ్చి, ఇదిగో ఇక్కడే నిలబడి తిట్టినాడు.”

“మార్సకపోతే ఏటవుతాది?”

“ఆర్నెల్లకో ఏడాదికో పోతాది.”

“మార్సితే పోవచ్చు, మార్సకపోతే పోతాది. అంతేనా బాబాయ్? మరి అందరూ వద్దనే సెప్తారేటి? వద్దంటే నీకు తిట్లు తప్పుతాయి. సర్వీస్ సెంటరోళ్ళకి కొత్త బండి అమ్ముడవుతాది. మా అన్నకి మాట నెగ్గుతాది. సాలువాలో ఒక ముసలాయన మూడేళ్ళుగా మంచం మీదున్నాడు, ఈపంతా పుండు. నాను ఎల్లకపోతే ఆయన గతేటి? అది ఎవులైనా అడిగినారా?”

పక్క టీ కొట్టులోని వాళ్ళు తలలు తిప్పి చూశారు. దోర్కా గొంతు తగ్గించలేదు.

నూకయ్య గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. “ముందు అడుగునున్న నూని పాను ఇప్పి సూద్దాం. ఇనప ముక్కలుంటే నాను సెయ్యి పెట్టను. నువ్వెంత అరిసినా పెట్టను.”

“ఇప్పు బాబాయ్.”

కొత్తలో ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ తారులా నల్లగా కారింది. మాడు కంపు కొట్టింది. పాను అడుగున అయస్కాంతాలున్నాయి. వాటి చుట్టూ బూడిదరంగు బురద పేరుకుపోయింది. నూకయ్య దాన్ని రెండు వేళ్ళ మధ్య నలిపి, ఆమె చేతికీ రాశాడు. మెత్తగా ఉంది. “ముక్కల్లేవు. పొడే. అరిగినాది గానీ ఇరగనేదు” అన్నాడు.

ఇరవై ఏళ్ళుగా రంగూ వాసనా చూసి పుండు ఎలా ఉందో చెప్పే మనిషికి అంతకన్నా వివరం అక్కర్లేకపోయింది. కోపం అక్కడే రెట్టింపైంది. మూత తీస్తే కంటికి కనబడేదాన్ని, చెయ్యి పెడితే తెలిసేదాన్ని, ఇన్నేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు తెరిచి చూడలేదు.

మిషను పెట్టి ఒత్తిడితో కడిగితే పేరుకున్న మడ్డి కదిలి సన్నని దారుల్లో అడ్డుపడుతుందని నూకయ్య ఆ పనికి ఒప్పుకోలేదు. కారినంత తీసి, సరిగ్గా ఆ బండికి కంపెనీ చెప్పిన రకం ఆయిలే అంత పోశాడు. ఫిల్టరు మార్చాడు. ఇంజను వేడెక్కాక మట్టం చూశాడు. ఒకసారికి సగం కూడా మారదని, రెండేసి వారాలు తిరిగి మరో రెండుసార్లు రావాలని చెప్పాడు.

మొదటిసారి తర్వాత ఏమీ బాగుపడలేదు. పైపెచ్చు రివర్సు పడడానికి ఇంకాస్త ఆలస్యమైంది. వంటింట్లో విల్‌ఫ్రెడ్ తన భార్య ఆలిస్‌తో “నాను సెప్పినాను కదా” అనడం దోర్కా చెవిన పడింది. కంచం ముందు నుంచి లేచిపోయింది. ఆ రెండు వారాలూ పళ్ళు బిగించుకునే బ్రిడ్జి ఎక్కింది.

రెండోసారి కారిన నూనె గోధుమరంగులో ఉంది. ఆ తర్వాత రివర్సు మెత్తగా పడింది. బ్రిడ్జి ఎక్కేటప్పుడు గీపెట్టడం ఆగింది. పొద్దున్నే బండి తీసినప్పుడు రెండో గేరు నుంచి మూడో గేరుకి మారేచోట కుదుపు మాత్రం మిగిలింది.

“అది పోదమ్మా” అన్నాడు నూకయ్య. “అరిగిపోనాది మళ్ళీ రాదు. ఏడేళ్ళ కిందటే మార్సుంటే ఇదీ ఉండకపోను.”

అన్న పెట్టిన మొదటి సంతకానికి ఏడేళ్ళే. ఆ మాట ఆమెకి ముల్లులా గుచ్చుకుంది.

మూడోసారి ఆయిల్ మారుస్తున్న రోజు విల్‌ఫ్రెడ్ డ్యూటీ దిగి తిన్నగా షెడ్డుకి వచ్చాడు. “ఎలాగున్నాది బాబాయ్ బండి?” అని అడిగాడు.

నూకయ్య తలెత్తలేదు. “బండి మీ సెల్లిది. సెల్లినే అడుగు.”

విల్‌ఫ్రెడ్ ఆమె వైపు తిరిగి, “ఎలాగున్నాది సెల్లీ?” అన్నాడు.

దోర్కా అంతా చెప్పింది. ఏ రకం ఆయిల్, ఎంత పట్టింది, అయస్కాంతాల మీద ఏం దొరికింది, మళ్ళీ ఎన్ని వేల కిలోమీటర్లకి మార్చాలి. ఒక్క మాటా మెత్తగా చెప్పలేదు. అతను అడ్డు రాకుండా విన్నాడు.

“ఇంకెప్పుడూ నా తరపున సంతకం పెట్టకు” అంది చివరికి.

“పెట్టను.”

తప్పైపోయిందని అంటాడేమోనని ఆగి చూసింది. అతను నేల మీది నూనె మరకలు చూస్తూ నిలబడ్డాడు. ఆ మాట రాలేదు. దోర్కా కారెక్కి, అతన్ని ఎక్కమని పిలవకుండానే సాలువా రోడ్డు పట్టింది.